మూడో ఓనర్‌కూ తెలియాల్సిన నిజం: ట్రిబ్యూట్ ఓపెన్ కారు అమ్మకం

పాడైన బండిని అమ్మడం సులువు. ఏది పోయిందో చూపించి, అందుకు ఎంత తగ్గించుకుంటారో చెబితే బేరం తెగుతుంది. చక్కగా తయారైన ట్రిబ్యూట్ కారును అమ్మడం దానికంటే చాలా కష్టం. ఎప్పుడో కొద్ది సంఖ్యలో తయారై, ఇప్పుడు కోట్లు పెట్టినా దొరకని ఓపెన్ కారును మనసులో పెట్టుకుని, ఒక మామూలు పాత కారు మీద ఆ రూపాన్ని చేతిపనితో తెచ్చిన బండి ఇది. చూసేవాళ్లకు అసలు బండే గుర్తొస్తుంది. ఆర్సీలో మాత్రం మామూలు బండి పేరే ఉంటుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని అమ్మేవాడు ఎలా చెబుతాడన్న దాని మీదే ధర, పరువు, ఒక్కోసారి కోర్టు కేసు కూడా ఆధారపడి ఉంటాయి.

సీమలో ఓపెన్ బండి మీద ఇష్టం పాతదే. టాప్ తీసేసిన జీపు ఊళ్లోకి వస్తే ఇప్పటికీ తలలు తిరుగుతాయి. లారీ బాడీలు కట్టి, ట్రాక్టర్ ట్రాలీలు వెల్డింగ్ చేసి చేయి తిరిగిన టింకర్లు, లేత్ పనివాళ్లు, రెక్సిన్ సీట్లు కుట్టేవాళ్లు అనంతపురం, కర్నూలు, కడప బైపాస్ షెడ్లలో ఉన్నారు. గుజరీకి పోవాల్సిన పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారునో ప్రీమియర్ పద్మినినో తెచ్చి 1960ల నాటి రెండు సీట్ల ఓపెన్ కారులా మార్చగల పనితనం వాళ్లది. దానికి తగ్గ డబ్బు రావాలి. ఆ డబ్బు రాకుండా చేసేది చాలావరకు ఒకే తప్పు: బండికి లేని వంశాన్ని అంటగట్టి అమ్మాలని చూడడం.

అసలు బండికి అంత ధర ఎందుకో అర్థమైతే ట్రిబ్యూట్‌కు ఎంత అడగవచ్చో కూడా అర్థమవుతుంది. అమెరికాలో ప్లిమత్ కంపెనీ 1971లో చేసిన హెమీ బారకుడా కన్వర్టిబుల్‌నే తీసుకుందాం. 426 క్యూబిక్ అంగుళాల, అంటే దాదాపు 7 లీటర్ల హెమీ ఇంజిన్‌తో ఆ మోడల్ సంవత్సరంలో బయటికొచ్చిన ఓపెన్ కార్లు 11. ఆ ఇంజిన్ కావాలంటే అదనంగా కట్టాల్సిన డబ్బు ఎక్కువ, ఇన్సూరెన్స్ భారమూ ఎక్కువ. కొత్తలో కొనేవాళ్లే అరుదు. ఆ 11లో ఒకటి 2014 జూన్‌లో సియాటెల్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. 1971లోనే చిన్న ఇంజిన్‌తో వచ్చిన మామూలు బారకుడా కన్వర్టిబుల్‌కు బాడీ దాదాపు అదే, టాప్ అదే. ఇంజిన్, బానెట్, రంగు, స్టిక్కర్లు మారిస్తే పది అడుగుల దూరం నుంచి తేడా పట్టుకోవడం కష్టం. హెమీ బారకుడా ట్రిబ్యూట్లు అలాగే తయారవుతాయి.

తేడా తెలిసేది ఛాసిస్ నంబర్లో. ప్లిమత్ మాతృసంస్థ క్రైస్లర్ ఆ కాలంలో వేసిన నంబర్లో ఐదో స్థానంలోని అక్షరం, కంపెనీ నుంచి బండి ఏ ఇంజిన్‌తో వచ్చిందో చెబుతుంది. అక్కడ ‘ఆర్’ ఉంటే హెమీ, ‘జీ’ ఉంటే 318 క్యూబిక్ అంగుళాల సాధారణ ఇంజిన్. లక్షల డాలర్ల తేడా ఆ ఒక్క అక్షరంలో ఉంది. ఇంజిన్ తర్వాత ఎంత గొప్పది పెట్టినా, రంగు ఎంత నిగనిగలాడినా ఆ అక్షరం మారదు. మార్చితే అది నేరం. అసలు బండి కొనేవాడు ఇనుముకు, తోలుకు, రంగుకు ఇచ్చేది కొంతే. మిగతాదంతా ఆ బండి ఫలానా రోజున ఫలానా ఫ్యాక్టరీ నుంచి అలాగే బయటికొచ్చిందన్న రుజువుకు ఇస్తాడు. ట్రిబ్యూట్‌లో ఆ రుజువు ఉండదు కాబట్టి దాని తాలూకు డబ్బూ అడగకూడదు.

షెల్బీ కోబ్రా విషయంలో బజారు ఇంకో దారి పట్టింది. ఇంగ్లండ్‌లోని ఏసీ కార్స్ కంపెనీ బాడీలో ఎనిమిది సిలిండర్ల ఫోర్డ్ వీ8 ఇంజిన్ పెట్టించి కారోల్ షెల్బీ 1962లో మొదలుపెట్టిన ఈ ఓపెన్ కార్లు 1960లలో మొత్తం వెయ్యి దరిదాపుల్లోనే తయారయ్యాయి. మొట్టమొదటి కారు, సీఎస్ఎక్స్ 2000 నంబర్ది, 2016లో కోటీ 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైంది. దీని నకళ్లు మాత్రం అసలు సంఖ్యకు ఎన్నో రెట్లున్నాయి. అవి నకళ్లని అందరికీ తెలుసు. అసలు కార్ల నంబర్లు ఒక్కొక్కటిగా అచ్చైన రిజిస్ట్రీలో ఉన్నాయి. అందువల్ల కోబ్రా నకళ్లకు వాటిదైన నిలకడగల బజారు ఏర్పడింది. ఎవరు కట్టారు, ఏ ఇంజిన్, ఛాసిస్ వెల్డింగ్ ఎలా ఉంది, బ్రేకులు ఏమిటి అన్న లెక్క మీద ధర పలుకుతుంది. నకలు అన్న మాట పైకి చెప్పినందువల్ల వాటి ధర పడిపోలేదు. పైకి చెప్పడం వల్లే అక్కడ బేరగాళ్లకు ధైర్యం వచ్చింది.

ఇంతకంటే చిక్కైన ఉదాహరణ ఫెరారీ 365 జీటీఎస్/4, వాడుకలో డేటోనా స్పైడర్. కంపెనీ చేసిన స్పైడర్లు 120 చిల్లర. అదే కారు మూసిన టాప్‌తో, కూపేగా, 1,200కు పైగా వచ్చింది. స్పైడర్‌కు గిరాకీ పెరిగాక కొన్ని కూపేల టాప్ కోసి ఓపెన్ కార్లుగా మార్చారు. వాటిలో ఇంజిన్ ఫెరారీదే, ఛాసిస్ ఫెరారీదే, కొన్నిటిలో పని కూడా ఎంతో నాణ్యమైనది. అయినా అసలు స్పైడర్ ధర దరిదాపులకు అవి రావు. అసలు ఫెరారీ మీద చేసిన మార్పుకే ఇలా ఉంటే, వేరే కంపెనీ కారు మీద ఆ రూపం తెచ్చినవాళ్లు అసలు ధరతో పోల్చుకుని ఇందులో ఇన్నో వంతు అని లెక్క కట్టడం ఎంత తప్పో చెప్పనక్కర్లేదు.

ఆ డేటోనా స్పైడర్‌నే ఫైబర్ బాడీతో నకలు చేసి అమ్మిన ఒక అమెరికన్ తయారీదారు మీద ఫెరారీ కేసు వేసింది. ఇది ఫెరారీ కాదని చెప్పే అమ్ముతున్నానని అతను వాదించాడు. 1991లో ఆరో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. కొన్నవాడికి నిజం తెలిస్తే చాలదు, అమ్మకం తర్వాత రోడ్డు మీద ఆ బండిని చూసే జనం ఏమనుకుంటారన్నదీ లెక్కలోకి వస్తుందని తేల్చింది. అది వ్యాపార చిహ్నాల చట్టం కింద, అమెరికాలో, వచ్చిన తీర్పు. మన షెడ్లకు అది నేరుగా వర్తించదు. కానీ ఆ తీర్పు వెనకున్న ఆలోచన ఇక్కడి అమ్మకానికి చాలా పనికొస్తుంది. నిజం మొదటి బేరంలో చెప్పినంత మాత్రాన బండితో పాటు ప్రయాణించదు.

మొదటి బేరంలో అబద్ధం సాధారణంగా ఉండదు. కట్టించినవాడిని కొనేవాడు ఎరిగే ఉంటాడు, షెడ్డులో బండి రేకులు విప్పి ఉన్నప్పుడు చూసి కూడా ఉంటాడు. రెండో బేరంలో ఇది ఫలానా బండి మీద కట్టిందన్న మాట నోటిమాటగానే నడుస్తుంది. మూడో బేరానికి వచ్చేసరికి బ్రోకర్ ఫోన్లో ఫోటోలు మాత్రమే మిగులుతాయి. బానెట్ మీద ఎవరో అతికించిన కంపెనీ బొమ్మ ఉంటుంది. ‘ఇంపోర్టెడ్’, ‘చాలా రేర్’ అన్న రెండు మాటలు తోడవుతాయి. ఎవరూ పూర్తి అబద్ధం చెప్పకపోయినా, మూడో ఓనర్ మోసపోతాడు. ఆ తర్వాత అతను అందరికీ చెప్పేది, అనంతపురంలో కట్టే బండ్లన్నీ దొంగ బండ్లేనని. నష్టపోయేది ఆ షెడ్డులో నెలల తరబడి చెమటోడ్చిన టింకర్.

ధర్మవరం పట్టు గురించి తెలిసిన సీమకు ఈ సంగతి కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. అదే అంచు, అదే బుటా మరమగ్గం మీద నేసి, మరమగ్గం చీరగానే అమ్మితే అందులో తప్పేముంది? దాన్ని ఇష్టపడి కొనేవాళ్లున్నారు. అదే చీర చేమగ్గం పేరుతో అంగడిలోకి వచ్చినప్పుడు దెబ్బ తినేది కొన్న మనిషి ఒక్కరే కాదు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడు కూడా.

మన దేశంలో ట్రిబ్యూట్ అమ్మకానికి ఇంకో గట్టి అడ్డంకి ఉంది, అది మోటారు వాహనాల చట్టం. విదేశాల్లో మాదిరి కొత్త ఛాసిస్ నుంచి కారు కట్టుకుని రోడ్డు ఎక్కించే దారి ఇక్కడ మామూలు మనిషికి లేదనే చెప్పాలి. కొత్త మోడల్ ఏదైనా గుర్తింపు పొందిన పరీక్షా సంస్థల ఆమోదం పొందాలి, ఆ ఖర్చు ఒక్క బండి కట్టే షెడ్డుకు అందేది కాదు. అందుకే ఇక్కడ ట్రిబ్యూట్లన్నీ ఇప్పటికే రిజిస్టరైన పాత కారు మీద కట్టినవే. అక్కడే 1988 చట్టంలోని సెక్షన్ 52 వచ్చి పడుతుంది. తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదని అది చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడేలా సెక్షన్ 182ఏను చేర్చింది.

అంటే నాలుగు తలుపుల సెలూన్ (మూసిన టాప్ కారు) అని ఆర్సీలో ఉన్న కారు టాప్ కోసి, రెండు తలుపుల ఓపెన్ బండిగా మార్చి, ఆ ఆర్సీతోనే రోడ్డు మీద తిప్పితే అది చట్టం ముందు నిలవదు. ఎంత అందంగా ఉన్నా నిలవదు. అమ్మేవాడు ఈ విషయం దాచడం వంశం గురించి అబద్ధం చెప్పడం కంటే తక్కువ తప్పేమీ కాదు. రోడ్డు మీదకు పోగల బండి, ప్రదర్శనకు మాత్రమే పనికొచ్చే బండి రెండూ వేర్వేరు సరుకులు, వాటి ధరలూ వేర్వేరు. మార్పుకు ముందే అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకున్న బండి అయితే ఆ ఒక్క కాగితమే సగం బలం. లేకపోతే, బండిని ప్రదర్శన వస్తువుగా చెప్పి, ఆ ధరకే అమ్మాలి. రిసార్ట్ ముందు నిలబెట్టేవాళ్లు, సినిమా సెట్‌కు ట్రైలర్ మీద తీసుకుపోయేవాళ్లు, సొంత తోటలో పెట్టుకునేవాళ్లు కొనేది అలాంటి బండినే.

పెళ్లి ఊరేగింపులకు అద్దెకు తిప్పుకోవచ్చు, పెట్టిన డబ్బు రెండేళ్లలో వస్తుందని చెప్పి అమ్మడం తరచుగా వినబడే మాట. తెల్ల నంబర్ ప్లేటు బండిని అద్దెకు తిప్పడం పర్మిట్ నిబంధనలకు విరుద్ధం, పైగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆ ఆశ చూపి ధర పెంచకూడదు.

ఇక వింటేజ్ అన్న మాట. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లు వీటి కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు. నంబర్ ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని ఉంటుంది. రోజువారీ తిరుగుడుకూ వ్యాపారానికీ ఆ బండి వాడకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకూ రిపేరుకూ మాత్రమే రోడ్డెక్కాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ విషయంలో పెద్ద మార్పులు లేకుండా బండి తన అసలు రూపంలో ఉండాలి. ట్రిబ్యూట్ కారు ఈ ఒక్క షరతు దగ్గరే ఆగిపోతుంది. దాని ఛాసిస్ 1965 నాటిదే కావచ్చు, కానీ రూపం వేరే. కాబట్టి వింటేజ్ నంబర్ వస్తుందని ఆశపెట్టి ట్రిబ్యూట్ అమ్మితే అది తప్పుడు మాటే. ప్రకటనలో ఆ మాట వాడకపోవడమే మేలు.

ఈ నిబంధనలు చేతిపని బండ్ల పట్ల కఠినంగా ఉన్నాయన్నది నిజం. టాప్ తీసేసిన బండి రోడ్డు మీద చీలిపోతే పోయేది ప్రాణం కాబట్టి కట్టడి అక్కర్లేదనలేం. కానీ కట్టడికీ పూర్తిగా తలుపు మూసేయడానికీ మధ్య దారి ఉందని బయటి దేశాలు చూపించాయి. బ్రిటన్‌లో ఒక్కొక్క బండినీ విడిగా పరీక్షించి ఆమోదించే పద్ధతి ఉంది. రకరకాల బండ్ల భాగాలతో కట్టి, వయసూ మూలమూ తేల్చలేని బండికి ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఇస్తారు. అమెరికాలో 2015 నాటి చట్టం, కనీసం 25 ఏళ్ల నాటి కార్ల నకళ్లను చిన్న తయారీదారులు ఏడాదికి 325 దాకా చేసుకోనిచ్చింది. ఆ బండికి ఇది నకలు, ఏ సంవత్సరం కారుకు నకలు, ఏ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది అని చెప్పే శాశ్వతమైన లేబుల్ ఉండాలన్న షరతు పెట్టింది. ఈ రెండు దేశాలూ నిజాన్ని మనిషి నోటికి వదిలిపెట్టలేదు. బండికే అతికించాయి. మన దగ్గరా ఇలాంటి దారి రావాలి. అది వచ్చేదాకా షెడ్డువాళ్లే ఆ పని మొదలుపెట్టవచ్చు. ఎవరు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో, ఏ ఛాసిస్ మీద కట్టారో చెక్కిన ఇత్తడి పలక ఒకటి ఇంజిన్ వెనక గోడకు రివెట్ చేస్తే, పదేళ్ల తర్వాత బానెట్ ఎత్తే మనిషికి బ్రోకర్ మాటతో పనుండదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: కంపెనీ వేసిన ఛాసిస్ నంబర్‌ను ఆ పలక కప్పకూడదు, దానికి దగ్గరగా కూడా ఉండకూడదు.

పనితనం గురించి కాస్త వివరంగానే మాట్లాడాలి, ఎందుకంటే ట్రిబ్యూట్‌లో న్యాయంగా అమ్మగలిగేది అదే. ఏ కారు మీద కట్టారన్నది మొదటి ప్రశ్న. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ 1961 నుంచి చేసిన హెరాల్డ్ ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. బ్రిటన్‌లో 1959లో ట్రయంఫ్ తెచ్చిన ఆ కారు బాడీ గీసింది ఇటలీకి చెందిన మికెలోటి. దానికి విడి ఛాసిస్ ఉంది, బాడీ భాగాలు బోల్టులతో బిగించినవి, సెలూన్ టాప్ కూడా బోల్టులు విప్పితే ఊడివస్తుంది. ట్రయంఫ్ సొంతంగానే దాన్ని ఓపెన్ కారుగా కూడా అమ్మింది. బరువు మోసేది కింది ఛాసిస్ కాబట్టి టాప్ తీసినా బండి బలం పెద్దగా పోదు. ఆ తీసిన టాప్‌ను, తలుపుల్ని, పాత బానెట్‌ను పారేయకుండా అమ్మకంతో పాటు ఇస్తే ధర కచ్చితంగా పెరుగుతుంది. మళ్లీ పాత రూపానికి తెచ్చుకునే దారి కొనేవాడికి ఉంటుంది మరి.

అంబాసిడర్, పద్మినిల సంగతి వేరు. వాటికి విడి ఛాసిస్ లేదు. నేల, పక్క గడపలు, స్తంభాలు, టాప్ అన్నీ కలిసే బరువు మోస్తాయి. టాప్ కోస్తే ఆ పెట్టె ఒక పక్క తెరుచుకున్నట్టే. గతుకు మీద పడ్డప్పుడు మధ్యలో వంగుతుంది, తలుపు సందులు విచ్చుకుంటాయి, అద్దం ఫ్రేము ఊగుతుంది. దీనికి విరుగుడు తెలిసిన టింకర్ ముందుగా తలుపులు మూసి ఉండగానే లోపల ఇనుప బద్దెలు అడ్డంగా వెల్డింగ్ చేసి, ఆ తర్వాతే టాప్ కోస్తాడు. గడపల లోపల మందపాటి ఛానెల్, నేల కింద ఎక్స్ ఆకారంలో పట్టీలు వేస్తాడు. కొనేవాడు దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. ముందు చక్రం వెనకాల గడప కింద జాకీ పెట్టి బండిని ఎత్తి, తలుపు తెరిచి మూసి చూడాలి. తలుపు పట్టేస్తే లోపల బలం లేదు. అమ్మేవాడు ఈ పరీక్ష తనే చేసి చూపిస్తే గంటసేపు చెప్పే మాటల కంటే ఎక్కువ నమ్మకం వస్తుంది. పుట్టీ ఎంత మందం వేశారో గుడ్డ చుట్టిన అయస్కాంతంతో చూడనివ్వాలి. పెద్ద ఇంజిన్ వేసి ఉంటే బ్రేకులు, స్టీరింగ్, వెనక సస్పెన్షన్ దానికి తగ్గట్టు మార్చారా లేదా అన్నది దాచకుండా చెప్పాలి. హెరాల్డ్ మొదటి మోడళ్లలోని వెనక యాక్సిల్ మలుపుల్లో వేగం ఎక్కువైతే చక్రాన్ని లోపలికి ముడుచుకునే రకం. దాని మీద రెట్టింపు శక్తిగల ఇంజిన్ పెట్టి ఏమీ చెప్పకుండా అమ్మడం ప్రాణాలతో ఆట.

సీమ వాతావరణం ఇక్కడ అమ్మేవాడికి కొంత అనుకూలం, కొంత ప్రతికూలం. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే, సముద్రపు గాలి లేదు. అందుకే ఇక్కడే పెరిగిన పాత బండ్ల నేల రేకులు విశాఖలోనో చెన్నైలోనో ఉన్నవాటికంటే గట్టిగా మిగులుతాయి. మూల బండి మొదటి నుంచీ ఇక్కడిదే అయితే, సీమ జిల్లాల పాత రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు పాత ట్యాక్స్ రసీదులు చూపించగలిగితే, అది నిజమైన అమ్మకపు బలం. ఎండ మాత్రం కాన్వాస్ టాప్‌ను, తలుపు రబ్బర్లను, సీటు తోలును తినేస్తుంది. కడప ఎండలో రెండు వేసవులు బయట నిలిపిన టాప్ కుట్లు విడిపోయి ఉంటే కొత్తది కుట్టించి అమ్మడం మంచిది. లేదా ఎంత ఖర్చవుతుందో బేరంలోనే తీసేయాలి.

ఇంకొకటి ఖండితంగా చెప్పాల్సింది ఉంది. పూర్తిగా, చెక్కుచెదరకుండా ఉన్న హెరాల్డ్‌ను కోసి ఇంకో కారు వేషం వేయకూడదు. అవే ఇప్పుడు అరుదైపోతున్నాయి. చీకిపోయిన, టాప్ చితికిన, లోపలి సామాను లేని బండి మీద కట్టినదే గౌరవించదగ్గ ట్రిబ్యూట్. మూల బండి ఏ స్థితిలో దొరికిందో చూపే ఫోటోలు అందుకే ముఖ్యం. పాత బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ముందుగా అడిగేదీ అదే.

ఫోటోలు అన్నప్పుడు బండితో పాటు పోయే ఫైలు గురించి చెప్పాలి. మూల బండి ఆర్సీ నకలు, పెన్సిల్‌తో తీసిన ఛాసిస్, ఇంజిన్ నంబర్ల అచ్చు, కొన్న ప్రతి సామానుకూ బిల్లు, వెల్డింగ్ దశల ఫోటోలు, వైరింగ్ గీత, ఏ బేరింగ్ ఏ బండిది, ఏ బ్రేక్ షూ ఏ బండిది అన్న పట్టిక. ఈ చివరి పట్టికను చాలామంది పట్టించుకోరు. రేపు కర్నూలులో బ్రేక్ సిలిండర్ లీకైతే మెకానిక్ ఏ సామాను తెప్పించాలో దాంట్లోనే తెలుస్తుంది. అది లేని ట్రిబ్యూట్ చిన్న రిపేరుకే నెలలు షెడ్డులో పడి ఉంటుంది. దాని విలువ కూడా అక్కడే పడిపోతుంది.

అమ్మకం ఒప్పందంలో వర్ణన ఎలా రాయాలన్నది చట్టపరంగా ప్రాణం లాంటి విషయం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 ప్రకారం, వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. తెలిసి అబద్ధం చెబితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద ఒప్పందమే రద్దు చేయించుకోవచ్చు, భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318 కింద మోసం కేసూ పెట్టవచ్చు. కాబట్టి ఒప్పందంలో కారు పేరు ఆర్సీలో ఉన్న పేరే కావాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “ఇది స్టాండర్డ్ హెరాల్డ్. దీని బాడీని ఫలానా కంపెనీ ఫలానా ఓపెన్ కారును చూసి, అనంతపురంలో చేతిపనితో మార్చడం జరిగింది. ఆ కంపెనీ తయారు చేసినది కాదు, ఆ కంపెనీ అనుమతితో చేసినదీ కాదు. మార్పులకు రవాణా శాఖ అనుమతి ఉంది / లేదు. కొనుగోలుదారు మళ్లీ అమ్మేటప్పుడు ఈ వివరణను, ఫైలును బండితో పాటు అందజేయడానికి ఒప్పుకుంటున్నారు.” ఆ చివరి వాక్యాన్ని నాలుగో మనిషి దగ్గర ఎవరూ అమలు చేయించలేకపోవచ్చు. అయినా రాయాలి. కాగితం మీద ఉన్నది చెప్పకుండా దాచాలంటే ఒక మనిషి పనిగట్టుకుని దాచాలి.

కంపెనీ బ్యాడ్జీల విషయంలో మొహమాటం వద్దు. మన డిజైన్ల చట్టం కింద నమోదైన డిజైన్‌కు రక్షణ గరిష్ఠంగా 15 ఏళ్లు. ఆరవై ఏళ్ల నాటి బాడీ రూపం ఆ చట్టం చేయి దాటిపోయి చాలాకాలమైంది. ట్రేడ్‌మార్క్ అలా కాదు. పదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ పోతే అది ఎప్పటికీ బతికే ఉంటుంది. వేరేవాళ్ల ట్రేడ్‌మార్క్‌ను తప్పుడుగా వాడితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు పడే సెక్షన్లు 1999 చట్టంలో ఉన్నాయి. అమ్మకానికి ముందు బానెట్ మీది ఫెరారీ గుర్రాన్నో కోబ్రా పామునో తీసేసి, కట్టిన షెడ్డు పేరు పెట్టడం సరైన పని. తాడిపత్రిలోనో గుత్తిలోనో కట్టిన బండి మీద ఆ ఊరి పేరు ఉంటే చిన్నతనం ఎందుకు కావాలి?

ధర నిర్ణయించేటప్పుడు ఓనర్లు సాధారణంగా అయిన ఖర్చంతా కూడి, దాని మీద ఇంత లాభం అని వేస్తారు. ఆ లెక్కలో రెండుసార్లు వేయించిన రంగు, సరిపోక పారేసిన గేర్‌బాక్స్, ఆలస్యమైనందుకు కట్టిన షెడ్డు అద్దె అన్నీ ఉంటాయి. కొనేవాడు వాటికి డబ్బివ్వడు. ఇవ్వాల్సిన అవసరమూ లేదు. సరైన కొలమానం వేరే ఉంది. ఇంతే నాణ్యమైన బండిని ఇప్పుడు కొత్తగా కట్టించుకోవాలంటే ఎంతవుతుంది, ఎన్నాళ్లు ఆగాలి? ఆ ఆగాల్సిన కాలాన్ని తప్పించినందుకు కొనేవాడు కొంత ఎక్కువైనా ఇస్తాడు. కాగితాల్లో లోపానికి, ఓనర్ సొంత ఇష్టంతో వేయించిన రంగుకూ సీట్లకూ కొంత తగ్గించుకుంటాడు. ట్రిబ్యూట్ కట్టించినవాళ్లలో ఎక్కువమందికి పెట్టిందంతా తిరిగి రాదన్నది ముందే ఒప్పుకోవాల్సిన సంగతి. వచ్చేలా చేద్దామని పేరు పెద్దది చేసేవాళ్లే చిక్కుల్లో పడుతున్నారు.

కొనేవాళ్లు ఊళ్లోనే దొరకడం అరుదు. 44వ నంబర్ జాతీయ రహదారి మీద అనంతపురానికి బెంగళూరు, కర్నూలుకు హైదరాబాద్ ఒక్కోటి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. బేరగాళ్లు ఎక్కువగా ఆ రెండు వైపుల నుంచే వస్తారు. కొడికొండ చెక్‌పోస్ట్ దాటి బండి కర్ణాటక చేరిందంటే కాగితాల అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఫారం 28తో ఇక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. అక్కడ కొత్త నంబర్ ఇచ్చేముందు ఇన్‌స్పెక్టర్ బండిని, ఆర్సీని పక్కపక్కన పెట్టి చూస్తాడు. సెలూన్ అని రాసి ఓపెన్ బండి నిలబడి ఉంటే పని అక్కడే ఆగుతుంది. బండి తిరిగి వస్తుంది, అడ్వాన్స్ మీద గొడవ మొదలవుతుంది. అందుకే రాష్ట్రం దాటే అమ్మకంలో పూర్తి డబ్బు ఎప్పుడు చేతులు మారాలి, నంబర్ మారకపోతే ఎవరి బాధ్యత ఎంత అన్నది ముందే రాసుకోవాలి.

ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పుల వివరం రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. 5 ఏళ్లు దాటిన బండి విలువను కంపెనీ, ఓనర్ మాట్లాడుకునే నిర్ణయిస్తారు కాబట్టి ఆ ఫైలు అక్కడా పనికొస్తుంది. చెప్పకపోతే ప్రమాదం తర్వాత క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు అది చాలు. బండి చేతులు మారిన రోజే ఓనర్ పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అయిపోవాలి. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో, బయటి రాష్ట్రానికైతే 45 రోజుల్లో అమ్మినవాడు రవాణా శాఖకు తెలియజేయాలి. తెల్ల కాగితాల మీద సంతకం పెట్టి బ్రోకర్ చేతిలో పెట్టి వచ్చేసే అలవాటు మన ప్రాంతంలో గట్టిగా ఉంది. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్న ఓనరే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. టాప్ లేని బండి, చేతిపని బాడీ, పాత పేరు మీద ఆర్సీ ఉన్నచోట ఆ బాధ్యత ఎంత బరువైనదో వేరే చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్ రికార్డులో కొత్త ఓనర్ పేరు కనిపించేదాకా అమ్మినవాడు ఫైలు నకలు ఒకటి తన దగ్గర ఉంచుకోవాలి.